ఏడో సంతకం

బోర్నవీటా డబ్బాల మూడు వేల రెండు వందల పది.
గిదే మా ఖజానా.
నోటుబుక్కుల ఆటో కిరాయిలు, నల్ల పెన్నులు,
ఎండలు ముదిరినప్పుడు రెండు మజ్జిగ ప్యాకెట్లు.
లెక్క నేనే రాస్త.

మేం రాతగాళ్లం.
చూపు లేనోళ్లు చెప్తుంటె పరీక్ష రాసేటోళ్లం.
నయీంనగర్ల జిరాక్స్ షాపు ఎనుక
శనివారం శనివారం కూడుతం.
ఎవలికి ఏ సెంటర్, ఎవలికి ఏ పేపర్
గోడ మీదనే చాక్‌పీసుతోని.
నాలుగేండ్లు గట్లనే నడిచింది.
పేరు సుత లేదు మాకు,
"గా రాసే పిల్లలు" అంటరు.

ఎనుమాముల యార్డుల మిర్చి అడ్తి వీరమల్లయ్య సేటు
తమ్ముని బిడ్డ ఇంటర్ గట్టెక్కిందని
యాభై వేలు పట్టుకొని వచ్చిండు.
కట్ట విప్పంగనే నలుగురం తుమ్మినం,
నోట్లకు సుత కారం ఘాటు.
"ఉత్తగ కాదు బిడ్డా, రశీదు కావాలె,
నంబరున్న సంఘం రశీదు. మార్చి దాటొద్దు."
కట్ట మళ్ల సంచిల పడ్డది.
మా తుమ్ములు మాత్రం చానసేపు ఆగలే.

"నగదు నడువది, చెక్కు రాయమను" అన్నడు ఆడిటర్,
"ముందుగాల సొసైటీ కాండ్రి. ఏడుగురు చాలు."

స్వర్ణ వద్దన్నది.
"ఏడాదికోసారి లెక్కలు, మీటింగు, దాని మినిట్సు, ఎన్నికలు...
పరీక్షలు రాసేటోళ్లమా, ఫైళ్లు రాసేటోళ్లమా?
మే నెల వస్తె నలుగురం పోతం.
కాయిదం మీద అధ్యక్షుడుంటడు,
మనిషి అమీర్‌పేటల కోచింగ్‌ల ఉంటడు."

యాకూబ్ లేచిండు.
"పరకాల సెంటర్ గేటు కాడ మీరెవరని అడిగితె
చూపియ్యనీకె ఏమున్నది మన దగ్గర?
ఆ పిల్ల ముప్పావు గంట ఎండల నిలబడ్డది.
గా ముప్పావు గంట ఏ మినిట్సుల రాస్తవ్?"

ఇద్దరిదీ నిజమే అనిపించింది.
నాకు గదే కష్టం.

చిరునామాకు జిరాక్స్ నస్రీన్ ఆంటీ కరెంటు బిల్లు ఇచ్చింది,
"బోర్డు మాత్రం పెట్టకుండ్రి,
ఓనరు చూస్తె కిరాయి పెంచుతడు" అనుకుంట.
నియమావళి ఆడిటర్ ఆఫీసులదే,
నర్సంపేట మహిళా సంఘానిది, పేర్లు మార్చినం.
పదకొండో పేజీల ఒక్కకాడ మరిచినం:
"సంఘం ఆస్తులు: కుట్టు మిషన్లు పన్నెండు."

కొమురెల్లికి మొత్తం చదివి వినిపించిన.
సభ్యులు, ఏడుగురు.
లబ్ధిదారులు, అంధ విద్యార్థులు.
"ఆగు" అన్నడు.
"నేను ఏ కాలంల ఉన్న?"

జిరాక్స్ మిషను లైటు ఒకసారి వచ్చి పోయింది.
ఆయన తప్ప అందరం తలలు వంచినం.

"మూడేండ్ల సంది నేను చెప్తున్న, నువ్వు రాస్తున్నవ్.
ఆ జవాబు ఎవలిది?"
"నీదే."
"మార్కులు?"
"నీయే."
"మరి సంఘం?"

లబ్ధిదారుల లైను నేనే కొట్టేసిన.
స్కేలు పెట్టకుంట కొట్టేసిన, వంకర పోయింది.
స్వర్ణ గులుక్కుంటనే పెట్టింది, ఆరు సంతకాలైనయి.
ఏడోది ఖాళీ.
బ్యాంకోళ్లకు ప్రతిసారి ఒక్కతీరు సంతకం కావాలెనట.
కొమురెల్లి పాత రీచార్జి కార్డు అంచు ఆనిచ్చి
రఫ్ కాయిదాల మీద నేర్సుకుంటున్నడు.
'క' కొమ్ము ఒకసారి పైకి, ఒకసారి పక్క లైన్లకు.

పెడతడో లేదో మాత్రం ఇంక చెప్పలే.
"మళ్ల సదువు" అన్నడు,
"ఆ కుట్టు మిషన్ల కాడికెళ్లి."

సదువుతున్న.
మా రూలు ఒక్కటే, ఏ నియమావళిల లేనిది:
ఆయన చెప్పిందే రాయాలె.
అందియ్యొద్దు, తొందర పెట్టొద్దు,
తప్పు చెప్పినా దిద్దొద్దు.

సేటు ఫోను రెండుసార్లు మోగింది.
ముప్పై ఒకటి మంగళవారం.
మూడు గంటల పరీక్షకు
వాళ్లకు ఒక గంట ఎక్కువ ఇస్తరు గదా,
గా గంట ఇయ్యాల మాకు కావాలె.
పెన్ను మూత తీసి కూసున్న.